తాతయ్య గడియారంలో తొమ్మిది

మొన్న మా చెల్లెలి కొడుకు శేషు హైదరాబాదు నుంచి వచ్చాడు. యాభై దగ్గరపడుతున్న మనిషి. బ్యాంకులో పెద్ద ఉద్యోగం, షుగరు, పెళ్ళీడుకొచ్చిన కూతురు, అన్నీ ఉన్నాయి. భోజనం చేసి చెయ్యి కడుక్కుని రాగానే చొక్కా చేతిని మోచేతి దాకా లాక్కుని ముంజేతిని నా మొహం మీదకి చాపాడు. "ఇది నేను చేసిందే మావయ్యా" అన్నాడు. చూస్తే చేతిగడియారం. పైపెట్టె ఒక దేశం నుంచి, ముళ్ళు ఒక దేశం నుంచి, డయలు ఇంకో దేశం నుంచి, అన్నీ పార్సెళ్ళలో తెప్పించుకుని ఆదివారాలు భోజనాల బల్ల మీద పెట్టుకుని బిగించాడట. దీనికి ఇంగ్లీషులో ఏదో పేరు కూడా ఉందట. ఇలాంటి మహానుభావులు ఊళ్ళో వందమంది దాకా ఉన్నారనీ, నెలకోసారి హోటల్లో కలుసుకుని మణికట్లన్నీ ఒక వరసలో పెట్టి ఫోటోలు తీసుకుంటారనీ చెప్పాడు. చెబుతుంటే వాడి మొహం వెలిగిపోతోంది. అంతా విని, "ఇంతకీ టైమెంతయిందిరా?" అని అడిగాను. వాడు జేబులోంచి సెల్‌ఫోను తీసి చూసి చెప్పాడు.

నాకు ఇలాంటివాళ్ళంటే చులకన. ఆ సంగతి దాచుకునే వయసు దాటిపోయాను. పనిలేని చేతులకి పనిమంతుల చేతులన్న పేరు కావాలని ఉబలాటం, అంతకన్నా ఏమీ లేదు. గడియారం చేసేవాడు వేరు, బాగుచేసేవాడు వేరు. ఈ మూడో జాతి ఉంది చూశారూ, బాగానే నడుస్తున్న దాని ముళ్ళు పీకి వేరే ముళ్ళు పెట్టి, అది తన సృష్టి అని తిరిగేవాళ్ళు, వాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు. పద్దెనిమిదో ఏట నేనూ ఆ జాతివాణ్ణే. మా చెల్లెలు ఎప్పుడో వాడి చెవిలో వేసినట్టుంది, "మీ దగ్గర కూడా ఒకటి ఉందట కదా మావయ్యా, తెలుగు అంకెలు వేసింది, చూపించరూ" అని పట్టుకున్నాడు. రేపు చూద్దాంలే అన్నాను. వెతకాలి అని కూడా అన్నాను. అది అబద్ధం. అది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

స్కూలు ఫైనలు లెక్కల్లో తప్పి, మళ్ళీ కట్టడం కోసమని ఏలూరులో పెద్దమ్మ ఇంట్లో ఉన్న రోజులవి. కాలవ గట్టుకి దగ్గరలో పెంకుటిల్లు. ఆ ఇంట్లో తెల్లవారడమంటే కాఫీగింజలు వేయించే వాసన, దాని వెనకే పెదనాన్న గారి నస్యం తుమ్ములు. ఆయన కోర్టులో గుమాస్తా. ప్రతి ఆదివారం తలంటుకుని, ఆరిన పంచె కట్టుకుని, ముక్కాలిపీట వేసుకుని గోడగడియారానికి కీ ఇచ్చేవారు. ఇంకొకరు దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. మెయిలు బండి కూత వినపడినప్పుడల్లా తలెత్తి గడియారం వంక చూసేవారు. రెండూ కలవకపోతే, "ఇవాళ బండి లేటు" అనేవారే తప్ప ఇంట్లో గడియారం మీద ఆయనకి అనుమానం ఏనాడూ కలగలేదు. పక్కగదిలో కూర్చుని నేను నవ్వుకునేవాణ్ణి. అప్పటికే నాకు అందరి మీదా చులకనే. బీజగణితం పుస్తకం కింద ఒక తగరపు పెట్టె దాచుకునేవాణ్ణి. అందులో ఒక పట్టకారు, రెండు చిన్న స్క్రూడ్రైవర్లు, కుంచెలు, విరిగిన ముళ్ళు, స్పిరిటు సీసా. ఆ స్పిరిటు వాసన పుస్తకాలకి పట్టేసింది. పెద్దమ్మ నాకు ఒంట్లో బాగుండక మందు రాసుకుంటున్నాననుకుని మిరియాల చారు పెట్టేది.

చేతిగడియారాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. మద్రాసు నుంచి తెప్పించుకోగలిగినవాళ్ళు తెప్పించుకున్నారు. తక్కినవాళ్ళం పెద్దవాళ్ళ పెట్టెల్లో మూలుగుతున్న జేబుగడియారాల మీద పడ్డాం. చిన్నదాన్ని చూసి పట్టుకుని, రెండు పక్కలా తీగ వంచి టంకం పెట్టించి, ఆ తీగల్లో తోలుపట్టా దూరిస్తే చేతిగడియారం. జేబుగడియారానికి కీ ఇచ్చే బొడిపె నెత్తి మీద ఉంటుంది, చేతిగడియారానికి పక్కన ఉండాలి. అంచేత అంకెలన్నీ పావువంతు పక్కకి తిప్పి మళ్ళీ రాసుకోవాలి. ఇక్కడే మా కళంతా. ఒకడు అంకెల చోట చుక్కలు పెట్టాడు. ఒకడు నెమలి బొమ్మ వేయించి దాని ముక్కుని ముల్లు చేశాడు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు వారబ్బాయి ఒకడుండేవాడు, వాడు పన్నెండు అంకెల చోట తన పేరులోని అక్షరాలు చెక్కించుకున్నాడు. పేరులో అక్షరాలు చాలకపోతే చివర 'గారు' అని తగిలించుకున్నాడు. ఆ గడియారం చూపించడానికే పాసింజరు ఎక్కి ఏలూరు వచ్చి, ప్లాట్‌ఫారం బెంచీ మీద చెయ్యి చాపుకుని కూర్చుని, మళ్ళీ సాయంత్రం బండికి వెళ్ళిపోయేవాడు. వాణ్ణి చూసి మేమంతా పళ్ళు నూరుకునేవాళ్ళం. నాదీ ఏమంత ఘనకార్యం కాదు. పెద్దమ్మ ఇచ్చిన ఆడవాళ్ళ మెడగడియారాన్ని చేతిగడియారం చేసుకున్నాను. పచ్చరంగు ముఖం, ఎర్ర ముళ్ళు. పొద్దున్న కీ ఇస్తే పదింటికి ఆగిపోయేది. ఆగిపోయినదాన్నే సాయంత్రం దాకా పెట్టుకు తిరిగేవాణ్ణి. ఎవరైనా టైమడిగితే స్టేషన్ గడియారం కనిపించే చోటికి నడిపించి చెప్పేవాణ్ణి.

మా అందరికీ గురువు మస్తాన్ సాయిబు గారు. గురువంటే ఆయన ఒప్పుకునేవారు కాదనుకోండి. వాళ్ళది తివాసీలు నేసే ఇల్లు. అన్నదమ్ములు ముగ్గురూ మగ్గం మీదుంటే, ఉన్ని ధూళి పడక దగ్గొచ్చే ఈయన మాత్రం వీధివైపు కిటికీ దగ్గర కంటికి అద్దం బిగించుకుని గడియారాలు బాగుచేసేవారు. లోపల ఉన్నికి రంగులు కాచే కాగుల్లోంచి తడిసిన గొర్రె వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా తడిసిన కంబళి వాసన వస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కిటికీయే. మేం తీసుకెళ్ళే వాటికి తీగలు టంకం పెట్టి ఇచ్చేవారు, మాట్లాడకుండా. ఒకసారి నా పచ్చ గడియారాన్ని అద్దంతో చాలాసేపు చూసి, "బాబు గారూ, మీరు దీనికి పట్టుబట్టలు కట్టారండీ. లోపల జ్వరంతో ఉంది, అది మాత్రం చూళ్ళేదండీ" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. రిపేర్లు చేసుకునేవాడికి అందం గురించి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆయన వేళ్ళు చూసి నేర్చుకోవలసిన కాలంలో ఆయన మాసిన లుంగీ చూసి నవ్వుకున్నాను.

మా సొంతూరు పెదపాడు దగ్గర. అక్కడ మా తాతయ్య దగ్గరొక జేబుగడియారం ఉండేది. అది అలంకారానికి కాదు. మా ఊరికి అదే న్యాయం. వేసవిలో కట్టేసిన కాలవలు మళ్ళీ వదిలే రోజుల్లో మొదట నీళ్ళు పలచగా వస్తాయి. అప్పుడే నారుమళ్ళు తడపాలి. మా తూము కింద ఆరుగురు రైతులు. వారానికి రెండు రోజులు, బుధవారం, శనివారం, కాలవ లస్కరు వచ్చి పొద్దున్న ఆరింటికి తూము తలుపు ఎత్తి, సాయంత్రం ఆరింటికి దించేవాడు. ఆ పన్నెండు గంటలూ ఆరు వంతులు, మనిషికి రెండేసి గంటలు. ఎవరి వంతు ఎప్పుడయిందో చెప్పేది తాతయ్య. పొద్దున్నే గట్టు మీదకి వెళ్ళి లస్కరు దగ్గరున్న సర్కారు గడియారంతో తన గడియారం కలుపుకుని, తాటాకు గొడుగు కింద సాయంత్రం దాకా కూర్చునేవారు. వంతు అయిపోగానే "ఊఁ" అని ఒక్క కేక. ఆ కేకతో ఒకడు తన చేలోకి నీళ్ళొచ్చే మడవ కట్టేసేవాడు, ఇంకొకడు విప్పేవాడు. ఇరవై ఏళ్ళుగా ఆ కేకకి ఎదురుమాట లేదు. ఆయన వంతు కూడా అందరి వంతుల్లాగే, ఒక్క నిమిషం ఎక్కువ తీసుకున్న పాపాన పోలేదు.

ఆ వేసవిలో ఇంటికి వెళ్ళినప్పుడు ఆ గడియారం మీద నా కన్ను పడింది. తాతయ్యకి చూపు తగ్గింది. ఆ డయలు మీద రోమను గీతల అంకెలు సన్నగా ఉండి తడుముకునేవారు. వంగినప్పుడల్లా అది జేబులోంచి జారి బురదలో పడుతోందని విసుక్కునేవారు. "నాకివ్వండి తాతయ్యా, చేతికి పెట్టుకునేలా చేసి తెస్తాను. అంకెలు తెలుగులో, పెద్దపెద్దవి రాస్తాను" అన్నాను. ఆయన నమ్మారు. మనవడు ఏలూరులో చదువుతున్నాడు కదా మరి.

మస్తాన్ సాయిబు గారు తీగలు టంకం పెట్టి ఇస్తూ, "కొత్త రేకు పాత పింగాణీ డయలు మీద అతికించకండి బాబు గారూ. పాతది ఊడదీసి పెట్టాలండీ. లేకపోతే ముళ్ళకి చోటు చాలదండీ. ఇక్కడ ఉంచి వెళ్ళండి, నేను చేసిస్తాను" అన్నారు. "నాకొచ్చులెండి" అన్నాను. డయలు ఊడదీయాలంటే యంత్రం మొత్తం బయటికి తీయాలి, పింగాణీ పగులుతుందని భయం. భయమని చెప్పుకోవడానికి నామోషీ. పలచని ఇత్తడి రేకు గుండ్రంగా కత్తిరించి పాతదాని మీదే అతికించేశాను. సెకన్ల ముల్లు అడ్డమొస్తే పీకి పారేశాను. నల్లరంగుతో పన్నెండు అంకెలూ రాశాను. రోజంతా టేబులు మీద పెట్టి చూస్తే బాగానే నడిచింది. తెల్లవారితే ప్రయాణం అనగా, తాతయ్యకి ఇంకా బాగా కనపడాలని అంకెల మీద మరి రెండు పూతలు వేశాను. అన్నింటికన్నా తొమ్మిది ఒంపు నాకు అందంగా కుదిరింది. మురిసిపోయి దానికి ఇంకో పూత వేశాను. రంగు ఆరగానే పెట్టెలో పెట్టుకుని బండెక్కాను. మళ్ళీ నడిపించి చూడలేదు.

తాతయ్య ఆ గడియారం చేతికి పెట్టుకున్న రోజు నేను మరిచిపోలేను. చెయ్యి దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి చదివారు. "ఇన్నాళ్ళకి నాతో తెలుగులో మాట్లాడిందిరా ఇది" అన్నారు. వీధిలో పోయేవాళ్ళని పిలిచి మరీ చూపించారు. "మావాడు చేశాడు. దొరల గడియారానికి ఓనమాలు నేర్పించాడు" అని ఒకటే గొప్ప. నేను పక్కన నిలబడి వినయం నటించాను.

కాలవలు వదిలారు. మొదటి బుధవారం గట్టు మీద తాతయ్య పక్కన నేనూ కూర్చున్నాను. నా పనితనం అందరూ చూడాలి కదా. ఆరో వంతు నాంచారమ్మది. కొల్లేటి అంచున రెండెకరాల చౌడు నేల ఆమెది. మొగుడు కొల్లేటికోటలో చేపలు పట్టే వెదురు మావుల దగ్గరే ఉండిపోతే వ్యవసాయం అంతా తనే చూసుకునేది. నోరున్న మనిషి, పనిలో మగవాళ్ళకి తీసిపోయేది కాదు. చౌడు కాబట్టి ఆమె నారుమడికి మంచినీళ్ళు నిండా పారాలి, లేకపోతే నారు ఎర్రబడి మాడిపోతుంది. అందరికన్నా ముందు నాట్లు పడాల్సింది కూడా ఆమె చేలోనే. కొల్లేరు పొంగి పైకొచ్చేలోపు మొక్క ఎదగకపోతే మునిగి కుళ్ళిపోతుంది. అది ఆ అంచున ఉన్నవాళ్ళందరికీ తెలిసిన లెక్క. ఆ బుధవారం నాంచారమ్మ మడవ విప్పిన గంటకే లస్కరు తూము తలుపు దించేశాడు.

"ఇంకా అయిదే కదయ్యా అయింది!" అన్నారు తాతయ్య.

"ఆరయిందండి పెదబాబు గారూ" అన్నాడు లస్కరు, సర్కారు గడియారం చూపిస్తూ. బక్కపల్చటి మనిషి, నడుముకి ఇత్తడి బిళ్ళ. తూము పక్కన గుడిసెలో పెళ్ళాం పిల్లలతో, రెండు మేకలతో ఉండేవాడు.

"పొద్దున్న కలిపినప్పుడు రెండూ ఒకటే. సాయంత్రానికి నీది గంట ముందుకి ఎలా వెళ్ళింది?"

"నాకు తెలీదండి. ఇది లాకుల ఆఫీసులో కలిపి తెచ్చుకున్నదండి."

తాతయ్య తన గడియారం చెవి దగ్గర పెట్టుకున్నారు. టిక్కుటిక్కుమంటూ నడుస్తూనే ఉంది. ఇంకేం కావాలి? జ్యేష్ఠమాసం పొద్దు, ఆరు దాటినా ఇంకా ఎండ ఉంటుంది. ఆకాశం చూసి ఎవరూ తేల్చలేకపోయారు. శనివారం కూడా అంతే జరిగింది. లస్కరు సాయంత్రం ఎక్కడికో పోవాలని ముల్లు ముందుకి తిప్పుకుంటున్నాడని అయిదుగురు రైతులూ తేల్చేశారు. వాళ్ళ వంతులకి ఏ లోటూ రాలేదు మరి. వాళ్ళకి వాళ్ళ రెండు గంటలూ పైన ఇంకాస్తా పారింది.

ఒప్పుకోనిది నాంచారమ్మ ఒక్కతే. నష్టపోయిందీ ఆవిడే, లస్కరుని వెనకేసుకొచ్చిందీ ఆవిడే. బురద కాళ్ళతో మా అరుగు కింద నిలబడి, "లస్కరు ముందు మూసేయడం కాదండీ పెదబాబు గారూ. నా వంతే ఆలిస్యంగా మొదలవుతోందండీ. ఏటేటా నా మడవ విప్పేసరికి నేను పాతుకున్న కర్ర నీడ గట్టు మొదట్లో ఉండేదండీ. మొన్నా, ఇవాళా గట్టు దాటి అవతలకి పోయిందండీ. మీ గడియారం ఓసారి చూపించుకోండి బాబూ" అంది.

అరుగు మీద ఉన్నవాళ్ళు నవ్వారు. కర్రకీ గడియారానికీ పోటీయా అన్నారొకరు. తాతయ్య నవ్వలేదు గానీ మొహం ముడుచుకున్నారు. నవ్వినవాళ్ళలో అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. నవ్వి ఊరుకోలేదు. భూమి ఒరిగి ఉంటుందనీ, నీడ రోజుకో చోట పడుతుందనీ, ఇవన్నీ చదువుకుంటే గానీ తెలియవనీ ఆమెకి పాఠం చెప్పాను. లెక్కల్లో తప్పినవాణ్ణి. ఆమె నా మాటలన్నీ ఓపిగ్గా విని, "అంతేనేమో లెండి చిన్నబాబు గారూ. నాకేం తెలుసు" అంది. అని, నా వైపు కాదు, తాతయ్య చేతి వైపు చూసి వెళ్ళిపోయింది.

మర్నాడు తాతయ్య నన్ను కూర్చోబెట్టి కాలవ సూపర్‌వైజరుకి ఇంగ్లీషులో అర్జీ రాయమన్నారు. నాంచారమ్మ కోసమే. అది చెప్పాలి, లేకపోతే ఆయనకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. "ఆడమనిషి నోటి దగ్గర కూడు లాగేస్తున్నాడని రాయి. ఈ లస్కరు ఉంటే మాకు నీళ్ళు రావని రాయి" అని చెప్పి, కాగితం ఎగిరిపోకుండా చేతిగడియారం తీసి దాని మీద పెట్టి, అరుగు మీదకి వెళ్ళి పడుకున్నారు. మధ్యాహ్నం వేళ, పెరట్లో మాగాయ ముక్కలు ఎండుతున్న వాసన. 'వంతు' అనే మాటకి ఇంగ్లీషు వెతుక్కుంటూ గడియారం వంక చూస్తూ కూర్చున్నాను. పెద్దముల్లు తొమ్మిది మీద ఉంది. మాట దొరికింది, రెండు వాక్యాలు రాశాను. మళ్ళీ చూస్తే ముల్లు తొమ్మిది మీదే ఉంది. ఇంకో వాక్యం రాశాను. అక్కడే ఉంది. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కుటిక్కుమంటోంది. వంగి చూశాను. నేను మురిసిపోయి వేసిన ఆఖరి పూతకి ఆ తొమ్మిది ఒంపు ఉబ్బుగా లేచి, దాని మీద ముల్లు కొస ఆనుకుని సన్నగా వణుకుతోంది. చూస్తుండగానే ఒక్క గెంతు గెంతి దాటేసింది. ఆపైన ఏ అడ్డూ లేదు, మళ్ళీ గంటకి తొమ్మిది దగ్గరికి వచ్చేదాకా. గంటకి అయిదేసి నిమిషాలు వెనకబడుతోంది. పన్నెండు గంటలకి గంట. ఆ ఒక్క లెక్క మాత్రం నేను తప్పకుండా చేశాను.

"అయిందట్రా?" అని అరుగు మీంచి కేకేశారు తాతయ్య.

"అయిందండీ" అన్నాను. అర్జీ పూర్తిచేసి ఇచ్చాను. ఆయన తెలుగులో సంతకం పెట్టారు. తరవాత గడియారానికి నూనె వేయాలని చెప్పి తీసుకుని, గొడ్లసావిడి వెనక్కి వెళ్ళి, గడ్డం గీసుకునే బ్లేడుతో ఆ తొమ్మిది మీది పూతలు గీకేశాను. అంకె సన్నగా, వెలిసిపోయినట్టు మిగిలింది.

తరవాతి బుధవారం లస్కరు తలుపు దించేసరికి తాతయ్య గడియారంలో సరిగ్గా ఆరు. "అర్జీ పెట్టేసరికి దారికొచ్చాడు చూశారా!" అన్నారందరూ. పది రోజులకి సూపర్‌వైజరు సైకిలు మీద వచ్చి, మా ఇంట్లో కాఫీ తాగి, తాతయ్య మాట మీద లస్కరుని ఎక్కడో దూరపు తూముకి బదిలీ చేసి వెళ్ళాడు. లస్కరు సామాను పడవలోకి ఎక్కించుకుంటున్నప్పుడు మేం గట్టు మీదే ఉన్నాం. రెండు మేకల్లో ఒకటి ఎక్కనని మొండికేస్తే పిల్లలు నవ్వుతూ తోశారు. అతను మాత్రం మా దగ్గరికి వచ్చి దణ్ణం పెట్టి, "నేను తిప్పలేదండి పెదబాబు గారూ" అన్నాడు. తాతయ్య మొహం తిప్పుకున్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా నోట్లో నాలుక ఉంది. తాతయ్య ఇరవై ఏళ్ళ మాట పోతుందని ఊరుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నేను కాపాడుకున్నది నా పనితనాన్ని. ఆ గట్టు మీద నేను పోగొట్టుకోవాల్సింది కాస్త గొప్ప, అంతే. అదీ వదులుకోలేకపోయాను. రైసుమిల్లు వారబ్బాయి తన పేరు వెనక తనే 'గారు' చెక్కించుకున్నాడని జీవితమంతా నవ్వాను గానీ, వాడి గడియారం వల్ల ఎవరి కూటికుండా బోర్లా పడలేదు.

నాంచారమ్మ నారు అప్పటికే మాడిపోయింది. తక్కినవాళ్ళ నాట్లయ్యాక మిగిలిన నారు కట్టలు అడిగి తెచ్చుకుని ఆలస్యంగా నాటింది. ఆ ఏడు కొల్లేరు పొంగి ఆమె చేలోకి వచ్చేటప్పటికి మొక్క జానెడు లేదు. నీళ్ళు తీశాక చూస్తే నల్లటి బురద తప్ప ఏమీ లేదని చెప్పుకున్నారు. నేను చూడ్డానికి వెళ్ళలేదు. పరీక్ష రాసి వచ్చి ఇంట్లోనే ఉన్నాను.

తరవాత ఒకరోజు పొద్దున్నే ఆమె మా ఇంటికి వచ్చింది. చేను వదిలేసి కొల్లేటికోట వెళ్ళిపోతున్నాననీ, మొగుడితో పాటు మావుల దగ్గరే ఉంటాననీ తాతయ్యతో చెప్పి వెళ్దామని వచ్చింది. తాతయ్యకి జ్వరం, లోపల పడుకున్నారు. గడియారం వసారాలో మేకుకి వేలాడుతోంది. నాంచారమ్మకి చదువు రాదు. అయినా దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది. తరవాత, ముట్టుకోకుండా, వేలు దూరంగానే పెట్టి తొమ్మిదిని చూపించింది.

"ఇదొక్కటీ సన్నబడిందేం చిన్నబాబు గారూ?"

"అరిగిందిలే" అన్నాను.

"నాలుగు నెలలకే అరిగిపోతుందాండీ?" అంది. ఆమె కోపంగా లేదు. కోపపడినా బాగుండేది. నేను ఆమెని చూసి నవ్విన రోజున నా మొహం ఎలా ఉండి ఉంటుందో, ఆమె మొహం ఇప్పుడు అలా ఉంది. "సరే లెండి. పెదబాబు గారికి నేను వచ్చానని చెప్పండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తాతయ్య తను పోయేదాకా ఆ గడియారం చేతికే ఉంచుకున్నారు. దొంగ లస్కరుని పట్టిచ్చిన గడియారమని వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. నేను మళ్ళీ ఏ గడియారం మీదా చెయ్యి వేయలేదు. దాన్ని పశ్చాత్తాపమని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. చేతగానివాడు పని మానేస్తే అందులో పుణ్యం ఏముంది?

నిన్న శేషుకి ఆ గడియారం తీసి ఇచ్చాను. భూతద్దం తెచ్చుకున్నాడు మహానుభావుడు. కిటికీ దగ్గర కూర్చుని అటూ ఇటూ తిప్పి, "అబ్బ, ఏం చేయి తిరిగిన పని మావయ్యా! ఈ తొమ్మిది ఒక్కటే వెలిసిపోయింది. నాకివ్వండి, అదే రంగు కలిపి దిద్దేస్తాను. ఎవరికీ తెలియదు" అన్నాడు. అప్పుడు చెప్పాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పనిదంతా, లస్కరుతో సహా, నాంచారమ్మతో సహా, వాడికి చెప్పాను. వాడు బుద్ధిగా విన్నాడు. విని, "ఇంతకీ ఏ పెయింటు వాడారు మావయ్యా? ఇన్నేళ్ళయినా తక్కినవి ఊడలేదు" అన్నాడు.

గడియారం వాడి చేతిలోంచి లాక్కున్నాను. వాణ్ణి అనడానికి నాకేం మొహం ఉంది? ఆ రోజు నాంచారమ్మ ఇంకా వీధి మలుపు తిరగకుండానే నేను లోపలికి పరిగెత్తి తగరపు పెట్టె తెచ్చుకున్నాను. మేకు మీంచి గడియారం దించి, నల్లరంగు కలిపి, ఆ తొమ్మిదిని మిగతా వాటితో సమానంగా దిద్దేద్దామని కుంచె ముంచాను. అంతలో లోపల్నించి తాతయ్య దగ్గి, "ఎవర్రా వచ్చింది?" అని అడిగారు.

కుంచె వెనక్కి దాచుకుని, "ఎవరూ రాలేదండీ" అన్నాను.